గ్లిఫ్లోజిన్లు: మూత్రపిండం ద్వారా పనిచేసే మధుమేహ మందులు

గ్లిఫ్లోజిన్లు రక్తంలో ఎక్కువైన గ్లూకోజును మూత్రం ద్వారా బయటికి పంపి రెండో రకం మధుమేహాన్ని అదుపు చేసే మందులు. వైద్య పరిభాషలో వీటిని ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలంటారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వీటిలో ఎక్కువ వాడుకలో ఉన్నవి. మధుమేహానికి ఇచ్చే పాత మందుల్లో చాలావాటి పని ఇన్సులిన్‌తో ముడిపడి ఉంటుంది. గ్లిమిపిరైడ్ లాంటివి క్లోమం చేత ఇన్సులిన్‌ను మరింతగా విడుదల చేయిస్తాయి. పయోగ్లిటజోన్ ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌నే బాగా పనిచేసేలా చూస్తుంది. మాత్రలతో పని జరగనప్పుడు ఇన్సులిన్‌నే సూదిమందుగా ఇస్తారు. గ్లిఫ్లోజిన్లు పనిచేయడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. మూత్రపిండంలోని ఒక ప్రోటీన్‌ను అడ్డుకోవడమే వాటి పని. షుగరు మాత్రలుగా 2012లో మార్కెట్లోకి వచ్చిన ఈ మందులు పదేళ్లు తిరక్కముందే గుండె వైఫల్యానికీ, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికీ, అదీ షుగరు లేనివారికి సైతం, రాసే మందులయ్యాయి. వీటిని ఇప్పటికీ షుగరు మందులనే పిలుస్తున్నా ఆ పేరు వాటి పనిలో సగాన్నే చెబుతుంది.

మూత్రపిండంలో గ్లూకోజు దారి

రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో మూత్రంగా బయటికి వచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగిలిందంతా నెఫ్రాన్లనే సన్నని నాళాల గుండా సాగుతూ తిరిగి రక్తంలోకి చేరుతుంది. రక్తంలో డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందనుకుంటే, ఆ 180 లీటర్లతో పాటు రోజూ 180 గ్రాముల గ్లూకోజు కూడా వడపోతలోకి దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో మాత్రం దాని జాడ దాదాపు కనిపించదు. వడపోతలోకి వచ్చిన గ్లూకోజునంతా నెఫ్రాన్ తొలి భాగంలోని కణాలు తిరిగి లాక్కుంటాయి. తిండి దొరకడమే కష్టమైన కాలంలో రూపుదిద్దుకున్న శరీరం కాబట్టి గ్లూకోజు విషయంలో మూత్రపిండానికి ఇంత పొదుపు అలవడింది.

గ్లూకోజు తనంతట తాను కణంలోకి పోలేదు. సోడియంతో జతకట్టి పోతుంది. ఈ జంట రవాణా ఆలోచనను అమెరికన్ జీవరసాయనవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో తొలిసారి వివరించాడు. ఆయన చెప్పింది పేగు గురించి. విరేచనాలైనవారికి నీళ్లలో ఉప్పుతో పాటు చక్కెర కూడా కలిపి తాగించడానికి శాస్త్రీయ ఆధారం అదే. మూత్రపిండంలోనూ ఇదే పద్ధతి నడుస్తుంది. అక్కడ సోడియం, గ్లూకోజు జంటను మోసే ప్రోటీన్లు రెండు. నాళం మొదట్లో ఉండే ఎస్‌జీఎల్‌టీ2 సుమారు 90 శాతం గ్లూకోజును వెనక్కి తీసుకుంటుంది. దాన్ని దాటిపోయిన కొద్దిపాటి గ్లూకోజును కాస్త దిగువనున్న ఎస్‌జీఎల్‌టీ1 పట్టుకుంటుంది. ఈ రెండోది పేగులో కూడా ఉంటుంది, క్రేన్ వర్ణించిన పని చేసేది అదే.

ఈ రవాణాకు ఒక హద్దుంది. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే మోసే ప్రోటీన్లు చాలక మిగిలింది మూత్రంలోకి జారుతుంది. వైద్యులు దీన్ని మూత్రపిండ అవధి అంటారు. మధుమేహం ముదిరినవారిలో ఈ అవధి మరికాస్త పైకి జరుగుతుంది. అంటే వదిలేయాల్సిన చక్కెరను మూత్రపిండం ఇంకా గట్టిగా పట్టుకుంటుందన్నమాట. గ్లిఫ్లోజిన్లు ఈ అవధిని బాగా కిందికి దించుతాయి. రక్తంలో గ్లూకోజు మామూలుగా ఉన్నా కొంత మూత్రంలోకి పోతూనే ఉంటుంది.

ఇలా పోతే ప్రమాదం కాదా అన్న సందేహానికి ప్రకృతే ఒక జవాబు సిద్ధం చేసి ఉంచింది. ఎస్‌జీఎల్‌టీ2ను తయారుచేసే ఎస్‌ఎల్‌సీ5ఏ2 జన్యువులో లోపంతో పుట్టినవారు కొందరుంటారు. వారి మూత్రంలో జీవితాంతం గ్లూకోజు పోతుంది, కొందరిలో రోజుకు 100 గ్రాములకు పైగానే. అయినా వారిలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. రక్తంలో గ్లూకోజు పడిపోదు, మూత్రపిండాలు చెడవు. ఈ ప్రోటీన్‌ను మందుతో ఆపవచ్చన్న ధైర్యం పరిశోధకులకు చాలావరకు వీరిని చూశాకే వచ్చింది.

ఆపిల్ చెట్టు బెరడు

ఈ కుటుంబానికి మూలపురుషుడు ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం. 1835లో ఐరోపా రసాయనవేత్తలు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి దాన్ని వేరుచేశారు. అప్పటికి జ్వరాలకు సింకోనా, విల్లో బెరళ్లను వాడేవారు. చేదులో వాటిని పోలి ఉండటంతో దీన్నీ జ్వరం మందుగా వాడి చూశారు. జర్మన్ వైద్యుడు జోసెఫ్ ఫాన్ మెరింగ్ 1886లో కుక్కలకు ఫ్లోరిజిన్ ఇచ్చి వాటి మూత్రంలో గ్లూకోజు పోవడం చూశాడు. మరో మూడేళ్లకు, 1889లో, ఆస్కార్ మింకోవ్‌స్కీతో కలిసి క్లోమం తీసేసిన కుక్కకు మధుమేహం వస్తుందని నిరూపించిందీ ఈయనే. రెండింటిలో లోకం పట్టించుకున్నది రెండోదాన్నే. ఆ దారి 1921లో ఇన్సులిన్ దాకా వెళ్లింది. ఫ్లోరిజిన్ మూత్రపిండం పనితీరును చదివే శరీరధర్మ శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలో ఉండిపోయింది.

దాన్ని మధుమేహ చికిత్స వైపు మళ్లించింది 1987లో రాల్ఫ్ డిఫ్రాంజో బృందం చేసిన ప్రయోగం. క్లోమంలో 90 శాతం కోసేసిన ఎలుకలకు ఫ్లోరిజిన్ ఇస్తే రక్తంలో గ్లూకోజు మామూలు స్థాయికి దిగింది. అంతేకాక ఆ ఎలుకల కండరాలు ఇన్సులిన్‌కు మళ్లీ సరిగ్గా స్పందించడం మొదలుపెట్టాయి. ఎక్కువైన గ్లూకోజే కణాలకు విషంలా పనిచేస్తుందనీ, దాన్ని ఎలా తగ్గించినా మేలేననీ దీంతో తేలింది.

ఫ్లోరిజిన్‌ను యథాతథంగా మాత్ర చేయడం మాత్రం కుదరలేదు. మింగితే పేగులోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. పైగా అది రెండు ప్రోటీన్లనూ ఆపుతుంది కాబట్టి పేగులో గ్లూకోజు శోషణ చెడి విరేచనాలు పట్టుకుంటాయి. జపాన్‌లోని తనాబే సంస్థ 1990లలో టీ-1095 అనే రూపాంతరాన్ని తయారుచేసింది గానీ అది మార్కెట్ దాకా రాలేదు. చిక్కుముడి విప్పింది ఒక చిన్న రసాయన మార్పు. ఫ్లోరిజిన్‌లో చక్కెర అణువు ఆక్సిజన్ వారధితో మిగతా భాగానికి అతుక్కుని ఉంటుంది. పేగులోని ఎంజైములు కోసేది ఆ వారధినే. దాని బదులు కార్బన్‌కు కార్బన్ నేరుగా కలిపితే ఎంజైములకు లొంగదు. బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ శాస్త్రవేత్తలు ఇలా చేసిన డాపాగ్లిఫ్లోజిన్ వివరాలు 2008లో వెలువడ్డాయి. అది ఎస్‌జీఎల్‌టీ1 కంటే ఎస్‌జీఎల్‌టీ2ను వెయ్యి రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది.

ఆమోదం అంత సాఫీగా జరగలేదు. తొలి ప్రయోగాల్లో మందు వాడినవారిలో మూత్రాశయ, రొమ్ము క్యాన్సర్లు కొన్ని ఎక్కువగా కనిపించాయన్న అనుమానంతో 2012 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాపాగ్లిఫ్లోజిన్‌ను వెనక్కి పంపింది. అదే ఏడాది నవంబరులో ఐరోపా అనుమతించింది. అమెరికాలో మొదట అనుమతి పొందింది 2013 మార్చిలో కానాగ్లిఫ్లోజిన్. 2014 జనవరిలో డాపాగ్లిఫ్లోజిన్, ఆగస్టులో ఎంపాగ్లిఫ్లోజిన్, 2017లో ఎర్టుగ్లిఫ్లోజిన్ దాని వెంట వచ్చాయి. తర్వాత 17 వేల మందితో జరిగిన డిక్లేర్ అధ్యయనంలో మూత్రాశయ క్యాన్సర్ పెరగలేదని తేలడంతో ఆ భయం తీరింది. రెండు ప్రోటీన్లనూ ఆపే సోటాగ్లిఫ్లోజిన్‌కు 2023లో అమెరికాలో గుండె వైఫల్యానికి అనుమతి దొరికింది. రెమోగ్లిఫ్లోజిన్ ముందుగా మార్కెట్లోకి వచ్చింది భారతదేశంలోనే, 2019లో, గ్లెన్‌మార్క్ సంస్థ ద్వారా. ఒంట్లో త్వరగా కరిగిపోతుంది కనుక దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోవాలి.

షుగరు ఎంత తగ్గుతుంది

మందు వేసుకున్న మధుమేహ రోగి మూత్రంలో రోజుకు 60 నుంచి 90 గ్రాముల గ్లూకోజు పోతుంది. ఎస్‌జీఎల్‌టీ2 వాటా 90 శాతమైనప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ పోవాలి కదా అనిపిస్తుంది. అయితే దిగువనున్న ఎస్‌జీఎల్‌టీ1 మామూలు రోజుల్లో తీరిగ్గా ఉంటుంది. పైది ఆగిపోగానే అది తన పూర్తి సామర్థ్యంతో పనికి దిగి చాలా గ్లూకోజును వెనక్కి లాగుతుంది. గ్లిఫ్లోజిన్లు ఒంటరిగా వాడినప్పుడు రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ ఈ మందులతో సాధారణంగా 0.5 నుంచి 1 శాతం దాకా తగ్గుతుంది. ఇది గొప్ప తగ్గుదలేమీ కాదు. మెట్‌ఫార్మిన్ ఇంతకంటే తీసిపోదు, గ్లిమిపిరైడ్ లాంటి పాత సల్ఫోనైల్ యూరియాలూ తీసిపోవు. మూత్రంలో పోయే ప్రతి గ్రాము గ్లూకోజుతో 4 కెలోరీలు కూడా పోతాయి కాబట్టి రోజుకు 240 నుంచి 360 కెలోరీల నష్టం. లెక్క ప్రకారం మనిషి నెలనెలా సన్నబడుతూ పోవాలి. శరీరం ఆకలి పెంచి ఆ లోటును పూడ్చుకుంటుంది కనుక బరువు రెండు మూడు కిలోలు తగ్గి అక్కడే నిలుస్తుంది. సిస్టాలిక్ రక్తపోటు 3 నుంచి 5 పాయింట్లు దిగుతుంది. యూరిక్ ఆమ్లం తగ్గుతుంది, గౌట్ బాధలు కూడా తక్కువవుతాయి. మూత్రపిండం వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గినవారిలో షుగరు తగ్గించే శక్తి బాగా సన్నగిల్లుతుంది. వడపోతలోకి గ్లూకోజే తక్కువగా వస్తున్నప్పుడు వదిలించడానికీ తక్కువే ఉంటుంది.

ఈ మందు వాడేవారి మూత్ర పరీక్ష చూస్తే తెలియనివారు కంగారుపడతారు. షుగరును మూత్రంలోనే చూసే రోజుల్లో ప్రతి లాబ్‌లోనూ బెనెడిక్ట్ ద్రావణం ఉండేది. ఐదు మిల్లీలీటర్ల నీలి ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, గ్లూకోజు లేకపోతే నీలంగానే ఉండేది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, నారింజ, బాగా ఉంటే ఇటుక రంగు తేలేది. ఇప్పుడు ఆ పని కాగితపు పట్టీలు చేస్తున్నాయి. గ్లిఫ్లోజిన్ వేసుకునేవారి మూత్రం ఎప్పుడు పరీక్షించినా ఇటుక రంగే, రిపోర్టులో నాలుగు ప్లస్ గుర్తులే. రక్తంలో షుగరు 110 ఉన్నా అంతే. మందు పనిచేస్తోందనడానికి అది గుర్తు తప్ప జబ్బు ముదిరిందని కాదు. వీరికి మూత్రంలో షుగరు పరీక్ష వల్ల ఉపయోగం లేదు. ఉద్యోగానికో బీమాకో మూత్రం ఇచ్చేటప్పుడు వాడుతున్న మందు పేరు చెప్పడం మంచిది.

2015 సెప్టెంబరు

మధుమేహ మందు రోసిగ్లిటజోన్ గుండెపోట్లు పెంచుతోందన్న ఆరోపణ 2007లో పెద్ద దుమారం రేపింది. దాంతో 2008లో ఎఫ్‌డీఏ కొత్త నియమం పెట్టింది. ఏ కొత్త షుగరు మందైనా గుండెకు హాని చేయదని పెద్ద అధ్యయనంతో నిరూపించుకోవాలన్నది దాని సారం. కంపెనీలకు ఇది వందల కోట్ల అదనపు ఖర్చు. వారు ఈ నియమాన్ని భారంగానే చూశారు. గ్లిఫ్లోజిన్ల అసలు విలువ బయటపడింది మాత్రం ఈ నియమం పుణ్యానే.

ఎంపాగ్లిఫ్లోజిన్‌పై జరిగిన ఎంపా-రెగ్ అవుట్‌కమ్ అధ్యయన ఫలితాలను 2015 సెప్టెంబరులో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐరోపా మధుమేహ సదస్సులో ప్రకటించారు. అందులో పాల్గొన్న 7,020 మందికీ మధుమేహంతో పాటు అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉంది. సుమారు మూడేళ్లలో గుండె సంబంధ కారణాలతో చనిపోయినవారు ఉత్తుత్తి మాత్ర వర్గంలో 5.9 శాతం, మందు వర్గంలో 3.7 శాతం. నిష్పత్తిగా చూస్తే 38 శాతం తగ్గుదల. గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలవడం 35 శాతం తగ్గింది. హాని చేయదని చూపడానికి మొదలెట్టిన అధ్యయనం ప్రాణాలు నిలుపుతుందని చూపింది. రెండు వర్గాల మధ్య హెచ్‌బీఏ1సీ తేడా స్వల్పమే. మేలు కొద్ది నెలల్లోనే మొదలైంది. షుగరు తగ్గడం వల్ల వచ్చే లాభం కనబడటానికి ఏళ్లు పడుతుందని అంతకుముందు అధ్యయనాలు చెప్పాయి కాబట్టి, ఇక్కడ జరుగుతున్నది వేరే ఏదో అని అందరికీ అర్థమైంది.

మూత్రపిండాన్ని ఎలా కాపాడతాయి

ఆ వేరే ఏదో అన్నదానికి బాగా రుజువైన వివరణ మూత్రపిండంలోనే దొరికింది. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే రక్తకేశనాళికల ముద్ద ఉంటుంది. వడపోత జరిగేది అక్కడే. దానిలోకి రక్తం తెచ్చే నాళం, బయటికి తీసుకుపోయే నాళం వేరువేరు. నెఫ్రాన్ నాళం మెలిక తిరిగి మళ్లీ తన గ్లోమెరులస్ పక్కకే వస్తుంది. అక్కడున్న మాక్యులా డెన్సా అనే కణాల గుంపు, పారుతున్న ద్రవంలో ఎంత ఉప్పు ఉందో నిరంతరం చూస్తుంటుంది. ఉప్పు తక్కువైతే వడపోత చాలడం లేదని భావించి, రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేయిస్తుంది.

మధుమేహంలో ఈ ఏర్పాటు మోసపోతుంది. గ్లూకోజు ఎక్కువగా రావడంతో ఎస్‌జీఎల్‌టీ2 దాన్ని లాక్కుంటూ వెంట సోడియంనూ అదే మోతాదులో లాక్కుంటుంది. మాక్యులా డెన్సా దగ్గరికి చేరే ఉప్పు తగ్గిపోతుంది. వడపోత నిజానికి ఎక్కువగానే జరుగుతున్నా, తక్కువైందనుకుని అది నాళాన్ని ఇంకా తెరుస్తుంది. గ్లోమెరులస్‌లో పీడనం పెరిగి ఏళ్ల తరబడి ఒత్తిడి పడుతుంది. ముందు మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కారుతుంది, తర్వాత గ్లోమెరులస్‌లు ఒక్కొక్కటే మచ్చకట్టి మూసుకుపోతాయి. చివరికి డయాలసిస్.

గ్లిఫ్లోజిన్ ఎస్‌జీఎల్‌టీ2ను ఆపగానే సోడియం దిగువకు చేరుతుంది. మాక్యులా డెన్సాకు అసలు సంగతి తెలిసి రక్తం తెచ్చే నాళం తగినంత ముడుచుకుంటుంది. లోపలి పీడనం దిగుతుంది. పాత మందులైన లోసార్టాన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి రక్తం బయటికి పోయే నాళాన్ని వెడల్పు చేసి ఇదే పని చేస్తాయి. ఒకటి రాకను తగ్గిస్తుంది, రెండోది పోకను సుళువు చేస్తుంది. అందుకే రెండూ కలిపి ఇస్తారు.

ఈ యంత్రాంగం తెలియకపోతే మందును అనవసరంగా ఆపేసే ప్రమాదముంది. మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో పీడనం తగ్గడం వల్ల ఈజీఎఫ్‌ఆర్ మూడు నుంచి ఐదు పాయింట్లు పడిపోతుంది, మూత్రపిండం వదిలించాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో 1.3 ఉన్నది 1.4 అవుతుంది. కిడ్నీకి మంచిదని ఇచ్చిన మందు కిడ్నీనే పాడుచేసిందని రోగి బెదిరిపోతాడు. ఈ తగ్గుదల అక్కడితో ఆగి, ఆపైన ఏళ్లు గడిచేకొద్దీ మందు వాడనివారి కన్నా వాడేవారి వడపోతే నిలకడగా ఉంటుంది. తొలి తగ్గుదల 30 శాతం దాటితే తప్ప మందు ఆపనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతాయి.

రుజువులు వరసగా వచ్చాయి. కానాగ్లిఫ్లోజిన్‌పై క్రెడెన్స్ అధ్యయనం 2019లో వెలువడింది. మధుమేహంతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ బాగా పోతున్న 4,401 మందిలో మూత్రపిండ వైఫల్యం, క్రియాటినిన్ రెట్టింపవడం, మరణం వంటివి కలిపి చూస్తే 30 శాతం తగ్గాయి. లాభం ముందే స్పష్టం కావడంతో అధ్యయనాన్ని గడువుకంటే ముందే ఆపేశారు. మధుమేహ మూత్రపిండ వ్యాధికి అంతకుముందు గట్టి రుజువుతో వచ్చిన మందులు 2001 నాటి లోసార్టాన్, ఇర్బెసార్టాన్. మధ్యలో పద్దెనిమిదేళ్లు ఏ కొత్త మందూ నిలబడలేదు. 2020లో డాపా-సీకేడీ, 4,304 మందితో, 39 శాతం తగ్గుదల చూపింది. వారిలో మూడోవంతు మందికి షుగరే లేదు. 2022లో ఎంపా-కిడ్నీలో 6,609 మంది, సగానికి పైగా షుగరు లేనివారు. అక్కడ తగ్గుదల 28 శాతం.

షుగరు లేనివారికీ మేలు జరిగిందంటే ప్రతి మూత్రపిండ వ్యాధికీ ఇదే మందని కాదు. తిత్తుల మూత్రపిండ వ్యాధి, లూపస్ నెఫ్రైటిస్ లాంటివి ఉన్నవారిని ఈ అధ్యయనాల్లో చేర్చుకోలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే మూత్రపిండ వ్యాధి కూడా షుగరు వల్ల వచ్చేది కాదు, అందులో ఆల్బుమిన్ పెద్దగా పోదు. ఆల్బుమిన్ బాగా పోతున్నవారిపై వచ్చిన ఫలితాలను అక్కడివారికి నేరుగా అన్వయించడం తొందరపాటే అవుతుంది.

గుండె వైఫల్యం

గుండె కండరం నీరసించి రక్తాన్ని సరిగా తోయలేని స్థితిలో కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంది. 2019లో డాపా-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో ఇలాంటి 4,744 మందికి డాపాగ్లిఫ్లోజిన్ ఇస్తే, పరిస్థితి విషమించడం లేదా గుండె కారణంతో మరణించడం 26 శాతం తగ్గింది. షుగరు ఉన్నవారికీ లేనివారికీ లాభం ఒకే తీరుగా ఉంది. తోసే శక్తి సరిగానే ఉండి గుండె గట్టిపడటం వల్ల వచ్చే రెండో రకం గుండె వైఫల్యానికి అప్పటిదాకా సరైన మందే లేదు. 2021లో ఎంపరర్-ప్రిజర్వ్‌డ్, 2022లో డెలివర్ అధ్యయనాలు అక్కడా ఉపయోగం చూపాయి. గుండె మీద ఇవి ఎలా పనిచేస్తాయన్నది ఇంకా వాదంలోనే ఉంది. ఉప్పు, నీరు మెల్లగా బయటికి పోవడం, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లను గుండె ఇంధనంగా వాడుకోవడం, మూత్రపిండం ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా చేసి ఎర్రకణాలు పెరగడం, ఇలా కారణాలు చాలా చెబుతున్నారు. ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు.

చెడు ప్రభావాలు

అన్నిటికంటే మామూలుగా వచ్చేది జననాంగాల దగ్గర ఫంగస్. చక్కెర కలిసిన మూత్రం తడిగా ఉండే చోట కాండిడాకు మంచి ఆహారం. ఆడవారిలో పదిమందిలో ఒకరికి దురద, తెల్లబట్ట కనిపిస్తాయి. మగవారిలో, ముఖ్యంగా సున్తీ కానివారిలో, ముందు తోలు ఎర్రబడి పగుళ్లిస్తుంది. సిగ్గుతో డాక్టరుకు చెప్పక మందు మానేసేవారు ఎక్కువ. నిజానికి మూత్రవిసర్జన తర్వాత నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకుంటే చాలావరకు రాదు. వచ్చినా పైపూత మందుతో తగ్గుతుంది. ఫోర్నియర్ గాంగ్రీన్ అనే, మర్మాంగాల చుట్టూ కండ కుళ్లే తీవ్రమైన జబ్బు గురించి 2018లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అది చాలా అరుదు. జ్వరంతో పాటు ఆ భాగంలో వాపు, తీవ్రమైన నొప్పి ఉంటే మాత్రం గంటల్లో ఆస్పత్రికి చేరాలి.

అరుదైనా ప్రాణం మీదికి తెచ్చేది కీటో ఆసిడోసిస్. ఇన్సులిన్ తగ్గి, శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లమవుతుంది. మామూలుగా ఈ స్థితిలో షుగరు 300, 400 దాటి ఉంటుంది కాబట్టి సులువుగా పట్టుబడుతుంది. గ్లిఫ్లోజిన్ వాడేవారిలో గ్లూకోజు మూత్రంలో పోతూ ఉంటుంది గనుక రక్తంలో 150, 200 మాత్రమే కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వచ్చిన మనిషికి షుగరు బాగానే ఉందని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తే ప్రాణాపాయమే. ఎఫ్‌డీఏ 2015లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. తేల్చేది రక్తంలో కీటోన్ల పరీక్షే, మూత్రంలో కీటోన్ల పట్టీని నమ్ముకోకూడదు.

ఈ ప్రమాదాన్ని కొనితెచ్చే సందర్భాలు తెలిసినవే. కడుపు మాడ్చుకోవడం, వాంతులు విరేచనాలు, ఇన్సులిన్ మోతాదు ఒక్కసారిగా తగ్గించడం, మద్యం, శస్త్రచికిత్స. అన్నం పూర్తిగా మాని కొవ్వు మీదే బతికే ఆహార నియమాలు కొన్నేళ్ల కిందట తెలుగునాట జోరుగా నడిచాయి. గ్లిఫ్లోజిన్ వేసుకుంటూ అలాంటి నియమం పట్టడం కీటోన్లను రెండు వైపుల నుంచీ పెంచుకోవడమే. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజుల ముందు మందు ఆపాలి. జ్వరమో విరేచనాలో వచ్చి తిండి, నీళ్లు పట్టని రోజుల్లోనూ ఆపి, మామూలుగా తినగలిగాక తిరిగి మొదలుపెట్టాలి. ఇన్సులిన్‌ను మాత్రం ఆపకూడదు.

మందుతో పాటు కొంత నీరు, ఉప్పు పోతాయి. వయసు పైబడినవారు, నీరు పోవడానికి ఫ్రూసెమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారు లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పొలంలోనో కట్టడం పని మీదో ఉండేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

కానాగ్లిఫ్లోజిన్‌పై 2017లో వచ్చిన కాన్వాస్ అధ్యయనంలో కాలివేళ్లు, పాదాలు తీసేయాల్సి రావడం రెట్టింపుగా కనిపించింది. ఎఫ్‌డీఏ మందు వివరపత్రంలో తీవ్ర హెచ్చరిక పెట్టి, తర్వాతి అధ్యయనాల్లో అంత ప్రమాదం కనబడకపోవడంతో 2020లో దాన్ని తీసేసింది. పాదాల్లో పుండ్లు, రక్తప్రసరణ లోపం ఉన్నవారికి ఇప్పటికీ ఆచితూచే ఇస్తారు.

ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు

డాపాగ్లిఫ్లోజిన్ 5, 10 మిల్లీగ్రాముల మాత్రలుగా, ఎంపాగ్లిఫ్లోజిన్ 10, 25గా, కానాగ్లిఫ్లోజిన్ 100, 300గా దొరుకుతాయి. గుండె, మూత్రపిండ రక్షణకు మొదటి రెండింటిలో 10 మిల్లీగ్రాములు చాలు, పెంచినందువల్ల అదనపు లాభం లేదు. మధుమేహంతో పాటు గుండెజబ్బు, గుండె వైఫల్యం లేదా మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ ఎంతున్నా ఈ మందు ఇవ్వాలన్నది ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. ఈజీఎఫ్‌ఆర్ 20 దాకా ఉన్నవారికి మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత ఇంకా తగ్గినా డయాలసిస్ మొదలయ్యేదాకా కొనసాగించవచ్చు.

మొదటి రకం మధుమేహానికి వాడకూడదు, కీటో ఆసిడోసిస్ ముప్పు అక్కడ చాలా ఎక్కువ. ఐరోపా 2019లో డాపాగ్లిఫ్లోజిన్‌కు ఇచ్చిన అలాంటి అనుమతి 2021లో రద్దయింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్‌తో కలిపినప్పుడు వాటి మోతాదు తగ్గించకపోతే షుగరు పడిపోవచ్చు.

మూత్రపిండం ద్వారా పనిచేసే మందు వేరు, మూత్రపిండం ద్వారా విసర్జింపబడే మందు వేరు. మెట్‌ఫార్మిన్ రెండో కోవలోది. ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే దాని మోతాదు తగ్గించాలి, 30 కంటే తగ్గితే ఆపాలి. గ్లిబెన్‌క్లమైడ్ మూత్రపిండం దెబ్బతిన్నవారి ఒంట్లో పేరుకుని షుగరును ప్రమాదకరంగా దించుతుంది. సిటాగ్లిప్టిన్ మోతాదు తగ్గించాలి, పిత్తం ద్వారా బయటికి పోయే లినాగ్లిప్టిన్‌కు ఆ అవసరం లేదు. మూత్రపిండాన్ని కాపాడే మందుల్లో గ్లిఫ్లోజిన్లకు ఇటీవల తోడు దొరికింది. సెమాగ్లుటైడ్ సూదిమందు మూత్రపిండ వ్యాధి ముదరడాన్ని 24 శాతం తగ్గించిందని 2024లో ఫ్లో అధ్యయనం చూపింది. ఫినెరినోన్ అనే మరో మందు, ఎంపాగ్లిఫ్లోజిన్ కలిపి మొదలెడితే మూత్రంలో ఆల్బుమిన్ సగానికి పైగా తగ్గిందని 2025లో కాన్ఫిడెన్స్ అధ్యయనం తెలిపింది.

భారతదేశంలో

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గ్లిఫ్లోజిన్లను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పేటెంటు ఉన్నంతకాలం ఇక్కడ వీటి ధర సామాన్యులకు అందలేదు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగిసి దేశీయ కంపెనీలు పోటీపడటంతో ధర బాగా దిగింది. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిసింది. అంతకుముందు 60 రూపాయల దాకా ఉన్న మాత్రకు బదులు పది రూపాయల లోపు మాత్రలు కొద్ది రోజుల్లోనే మందుల షాపుల్లోకి వచ్చాయి.

ఇప్పుడు అడ్డు ధర కాదు, అవసరమైనవారిని గుర్తించకపోవడం. క్రియాటినిన్ పెరిగేసరికే వడపోత సామర్థ్యంలో చాలా భాగం పోయి ఉంటుంది. అంతకు ఏళ్ల ముందే జబ్బును చూపేది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష. రెండో రకం మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరూ జబ్బు బయటపడిన రోజు నుంచే ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించుకోవాలి.